పందెపు సైకిలు వీరుడు టామ్ సింప్సన్

దక్షిణ ఫ్రాన్సు దేశమున, ప్రొవాన్సు సీమయందు, వెంటూ అను పర్వతము కలదు. దాని యెత్తు సుమారు 1910 మీటర్లు. సిమ్లా, ముస్సోరీలను చూచిన ఢిల్లీ వాసులకు అది గొప్ప యెత్తుగా తోచకపోవచ్చును. కాని చుట్టుప్రక్కల దానికి సాటియగు కొండ మరియొకటి లేనందున ఆ సీమవారికి అదియే మేరువు. 1336వ సంవత్సరము ఏప్రిల్ మాసమున ఇటలీ మహాకవి పెట్రార్కు తన తమ్మునితో గూడి ఈ కొండ నెక్కెను. ఆ యాత్రను గూర్చి ఆయన వ్రాసిన లేఖ యూరపు సాహిత్యమున ప్రసిద్ధి కెక్కినది. కొండ దిగువ భాగమున అడవి దట్టముగా నుండును. పైభాగమున చెట్టు లేదు, నీడ లేదు, నీరు లేదు. అంతయు తెల్లని సున్నపురాతి గుట్టలే. దూరము నుండి చూచువారికి మండువేసవిలో సయితము మంచు కప్పినట్లు భ్రాంతి గొల్పును. 1967వ సంవత్సరము జూలై 13వ తేదీన ఈ తెల్లని రాళ్ళ నడుమ, శిఖరమునకు ఇంచుమించు ఒక కిలోమీటరు దూరమున, టామ్ సింప్సన్ అను 29 ఏండ్ల ఆంగ్లేయుడు సైకిలు త్రొక్కుచు కుప్పగూలి ప్రాణములు విడిచెను.

అతని పేరు రెండు విధములుగా లోకమున నిలిచినది. అభిమానులు అతని విజయములను మాత్రమే చెప్పి, మరణమును ఎండమీదికి నెట్టుదురు. తక్కినవారు అతని అంగీ జేబులో దొరకిన మందు గొట్టములను మాత్రమే చెప్పి, తక్కిన జీవితమును మరతురు. మహాపురుషుల చరిత్రలు వ్రాయుటలో మనవారికిని ఈ రెండు అలవాట్లును కలవు. సింప్సను జీవితమును పూర్తిగా చూచినచో ఈ రెండును అసమగ్రములే యని తేలును.

ఇంగ్లండు ఉత్తర భాగమున డర్‌హామ్ మండలమందలి హాస్‌వెల్ అను బొగ్గుగనుల గ్రామమున 1937 నవంబరు 30వ తేదీన అతడు జన్మించెను. తండ్రి గని కార్మికుడు. ఆరుగురు బిడ్డలలో టామ్ కడగొట్టువాడు. 1950లో ఆ కుటుంబము దక్షిణమున నాటింగ్‌హామ్ మండలమందలి హార్వర్త్ అను మరియొక గనుల ఊరికి తరలిపోయెను. అచ్చట ఆ బాలుడు సరకుల దుకాణపు సామానులను సైకిలుపై ఇంటింటికి చేరవేయుచు, ఊరి సైకిలు సంఘమున చేరెను. ఒడలు మిక్కిలి సన్నము, ముక్కు కోలది. ఆ రోజులలో సైకిలు పందెములకు చక్రవర్తి యనదగిన ఇటలీ వీరుడు ఫౌస్టో కోప్పీ అతని ఆరాధ్యదైవము. సంఘమందలి పెద్దలు ఈ బక్క బాలుని నాలుగు స్టోనుల కోప్పీ యను అర్థమిచ్చు పేరుతో వేళాకోళము చేయుచుండిరి. ఆ వేళాకోళమును అతడు బిరుదముగా స్వీకరించెను. చదువు ముగిసిన పిదప రెట్‌ఫర్డ్ పట్టణమందలి ఒక యంత్రశాలలో నమూనాలు గీయు పని నేర్చుకొనుటకు కుదిరి, అచ్చటికిని ప్రతిదినము సైకిలు మీదనే పోయి వచ్చుచుండెను.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలయందు జట్టుగా సాగు వెన్నాడు పందెమున బ్రిటనుకు కంచుపతకము లభించెను. ఆ నలుగురిలో సింప్సను ఒకడు. అప్పటికి అతనికి 19 ఏండ్లైనను నిండినవో లేదో. రెండేండ్లకు కార్డిఫ్ నగరమున జరిగిన కామన్వెల్తు క్రీడలలో వ్యక్తిగత పందెమున స్వర్ణపతకము సెకనులో నూరవ వంతు తేడాతో చేజారి రజతము మాత్రము మిగిలెను. ఆటను ఆటగా చూచువారికి ఇది చాలును. సింప్సనుకు చాలలేదు. ఆనాటి బ్రిటనులో సైకిలు పందెము సెలవుదినములలోని వినోదము. ఫ్రాన్సు, బెల్జియము, ఇటలీ దేశములలో అది జీవనోపాధి. ఊరూర ప్రజలు వీథుల కిరుప్రక్కల బారులుతీరి నిలుచు పండుగ. అందుచేత 1959 ఏప్రిలులో, కూడబెట్టిన 100 పౌనులును రెండు సైకిళ్ళును తీసికొని, అతడు సముద్రము దాటి బ్రిటనీ తీరమందలి సాంబ్రియో పట్టణము చేరెను. నిర్బంధ సైనికసేవకు రమ్మను ప్రభుత్వపు కాగితము అతడు బయలుదేరిన మరునాడు ఇంటికి వచ్చెనట. ఒక్కదినము జాగు చేసియుండినచో ఈ కథ వేరుగా నడచియుండును.

ఫ్రెంచి భాష రాదు, బంధువులు లేరు. అయినను కొలది మాసములలోనే అచ్చటి చిన్న పందెములలో గెలుపు మీద గెలుపు సాధించి, ఆ వేసవిలోనే వృత్తి జట్టున చోటు సంపాదించెను. ఆ యేటి ప్రపంచ పందెమున నాల్గవవాడుగా నిలిచెను. సాంబ్రియోలోనే ఒక ఫ్రెంచి కుటుంబమున పిల్లలను చూచుకొనుచున్న హెలెన్ అను ఆంగ్ల యువతి పరిచయమై, 1960 జనవరిలో వారి వివాహము జరిగెను. తరువాత వారు బెల్జియమందలి గెంట్ నగరమున కాపురముండిరి. ఇద్దరు కుమార్తెలు కలిగిరి.

1960 వసంతమున పారిస్-రూబే పందెమున అతడు ఒంటరిగా ముందుకు దూకి, చాలదూరము అందరికంటె ముందు నడచి, గమ్యము దగ్గరపడిన తరువాత చిక్కి తొమ్మిదవవాడయ్యెను. ఓడినను ఆ దినముననే అతని పేరు ఖండమంతట మారుమ్రోగెను. అందుకు కారణము ఆ పందెము టెలివిజనులో ప్రత్యక్షముగా ప్రసారమగుటయే. మరుసటి యేట, అనగా 1961లో, ఫ్లాండర్సు పందెమును గెలిచెను. బెల్జియము ప్రజలకు ఆ పందెము మన తిరునాళ్ళ వంటిది. బ్రిటిషువాడొకడు అందు గెలుచుట అదియే తొలిసారి. 1962 టూర్ ద ఫ్రాన్స్‌లో పిరనీస్ పర్వతములను దాటిన దినమున, మొత్తము కాలగణనలో అగ్రస్థానమున నిలిచినవానికి ఇచ్చు పసుపుపచ్చని అంగీ అతని కందెను. దానిని ధరించిన బ్రిటిషువారిలో అతడే ప్రథముడు. మరునాటి కొండ పందెముననే అది చేజారెను. తుదకు ఆరవ స్థానము దక్కెను.

పత్రికలవారికి అతడనిన పరమ ప్రీతి. తలపై ఆంగ్ల దొరల గుండ్రని నల్లటోపీ, చేత గొడుగు ధరించి ఫోటోలకు నిలుచుటకు అతడు వెనుదీయలేదు. గని కార్మికుని కుమారుడు లండను దొర వేషము వేసి ఫ్రెంచివారిని నవ్వించుట అతనికే చెల్లెను. వెనువెంట గెలుపులు వచ్చెను. 1963లో బోర్డో-పారిస్ పందెము, 1964లో మిలాన్-సాన్ రేమో పందెము అతనివయ్యెను. ఇందు మొదటిది 550 కిలోమీటర్లకు పైబడినది. 1965 సెప్టెంబరులో స్పెయిన్ దేశమందలి సాన్ సెబాస్టియన్ చెంత 267 కిలోమీటర్ల ప్రపంచ పందెమున జర్మను వీరుడు రూడీ ఆల్టిగును ఓడించి జగజ్జేత అయ్యెను. ప్రపంచ విజేతకు చెందు ఇంద్రధనుస్సు రంగుల అంగీని తొడుగుకొనియే ఆ శరదృతువున లొంబార్డీ పందెమును గెలిచెను. స్వదేశమున బి.బి.సి. శ్రోతలు, ప్రేక్షకులు ఆ సంవత్సరపు మేటి క్రీడాకారునిగా అతనిని ఎన్నుకొనిరి. ఒక సైకిలు వానికి ఆ గౌరవము దక్కుట అదే మొదలు.

ఇంతవరకు చెప్పినది అభిమానులు చెప్పు కథ. మిగిలినది చెప్పుటకు ముందు ఆ వృత్తి స్వరూపమును కొంత విశదీకరింపవలసియున్నది.

టూర్ ద ఫ్రాన్స్ మూడు వారములపాటు సాగు పందెము. 1967లో అది 22 మజిలీలు, సుమారు 4,780 కిలోమీటర్లు. ఢిల్లీ నుండి విజయవాడకు పోయి తిరిగి వచ్చినను అంత దూరము కాదు. ఎండ, వాన, మంచుకొండ అను భేదము లేక దినదినము పోవలసినదే. ఇందు పాల్గొనువారికి జట్టు యజమానులిచ్చు జీతము ఒక భాగము. టూర్ ముగిసిన వెంటనే ఊరూర జరుగు చిన్న ప్రదర్శన పందెములలో కనబడినందుకు ముట్టు సొమ్ము మరియొక ముఖ్య భాగము. టూర్‌లో స్థానము ఎంత యెత్తో ఆ సొమ్ము అంత. కాలు విరిగినచో జీతము విరిగినట్లే. ఈ జీవనమున సైకిలు వీరులు మొదటినుండియు మందుల నాశ్రయించిరి. పంతొమ్మిదవ శతాబ్దపు ఆరుదినముల పందెములలో ముషిణి విషము, కాఫీ సారము, కొకైను వాడుకలో నుండెను. 1924లో పెలిసియే సోదరులు టూర్‌ను నడిమధ్యలో విడిచి, ఆల్బేర్ లోంద్ర్ అను పాత్రికేయునికి తమ సంచులు విప్పి అందలి మందులను చూపిరి. కోప్పీ సయితము తాను మందులు వాడినట్లు దాచలేదు. ఎవరి ఆరాధ్యుడు ఏ దారిన నడచినాడో శిష్యుడు ఆ దారి తెలియకుండ పెరుగుట అరుదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆంఫెటమిన్ అను ఉత్తేజక మందు లోకమంతట వ్యాపించెను. ఉభయ పక్షముల సైనికులకు నిదుర రాకుండుటకై దీనినిచ్చిరి. యుద్ధానంతరము లారీ నడుపువారును, పరీక్షలకు చదువు విద్యార్థులును దీనిని మ్రింగిరి. బ్రిటనులో 1964 చట్టము వచ్చువరకు వైద్యుని చీటీ లేకుండ దీనిని దగ్గర నుంచుకొనుట నేరము కాదు. జియా సరాయ్ ఇరుకు గదులలో రాత్రులు దీపము లార్పక పోటీపరీక్షలకు చదువు బిడ్డల తలిదండ్రులు ఈ మాటను గమనింతురు గాక.

ఈ మందు చేయు పని యేమి? ఇది కండకు క్రొత్త బలము నీయదు. అలసట యనునది శరీరము తన్ను తాను కాపాడుకొనుటకు పెట్టుకొనిన కావలివాడు. ఆ కావలివాని నోరు మూయించుటయే ఈ మందు పని. మెదడులో ఉత్సాహమును పుట్టించు రసములు పెల్లుబుకును, గుండె వేగము హెచ్చును, బాధ తెలియదు. దీనికి తోడు మరియొక చిక్కు కలదు. సైకిలు త్రొక్కువాని దేహమున ఖర్చగు శక్తిలో ఇంచుమించు నాల్గవ వంతు మాత్రమే చక్రమునకు చేరును. తక్కినదంతయు వేడిగా మారును. ఆ వేడి చెమట రూపమున, చర్మపు రక్తనాళముల ద్వారమున వెలికి పోవలెను. కొండ నెక్కునపుడు నడక మందగించుటచే ఎదురుగాలి చల్లదనమును తగ్గిపోవును. ఆంఫెటమిన్ చర్మపు నాళములను ముడుచుకొనునట్లు చేయును. లోపలి వేడి లోపలనే నిలిచిపోవును. ఆగుమని చెప్పవలసిన కావలివాడా, మూగవాడైపోయినాడు. ఇట్టి స్థితిలో త్రొక్కుచునే పోవుట మూతబిగించిన కుండ క్రింద మంట నెగదోయుట వంటిది.

మన కోడి రామమూర్తి నాయుడు గారిని ఇచ్చట స్మరించుట సహజము. ఏనుగును ఎదపై నెక్కించుకొనియు, ఇనుప గొలుసులను త్రెంచియు లోకమును మెప్పించిన ఆ కలియుగ భీముడు దేహసాధనమునే నమ్ముకొనెను. కాని ఆయనను చూపి సింప్సనును నిందించుట న్యాయము కాదు. రామమూర్తి గారు తన సర్కసులో తానే ప్రభువు. టూర్‌లో త్రొక్కువాడు ఇతరులు నిర్ణయించిన దూరమును, ఇతరులు నిర్ణయించిన ఎండలో, అలసినను ఆగక పోవలసినవాడు.

ఆ నిర్ణయించువారు మరియొక విచిత్ర నియమమును గూడ పెట్టియుండిరి. పందెగాండ్రకు దినమున నాలుగు సీసాల నీరు, అనగా సుమారు రెండు లీటర్లు మాత్రమే అనుమతి. నీరు త్రాగినచో బలము తగ్గునని ఆనాటి వాడుక నమ్మకము. దప్పికకు తాళలేక వారు దారిప్రక్కనున్న పానశాలలలోనికి చొరబడి, చేతికందిన సీసాలను దోచుకొని పోవుట వింతైన ఆచారముగా మారెను. ఆ సీసాలలో నీరే కాదు, సారాయియు నుండెడిది.

ఫ్రెంచి ప్రభుత్వము 1965 జూన్ 1వ తేదీన క్రీడలలో ఉత్తేజక మందుల వాడుకను నేరముగా ప్రకటించుచు చట్టము చేసెను. 1966 టూర్‌లో జూన్ 28వ తేదీ రాత్రి బోర్డో నగరమున అధికారులు పందెగాండ్ర బసలకు వచ్చి మూత్రపు నమూనాలను గైకొనిరి. టూర్ చరిత్రలో తొలి పరీక్ష అదియే. మరునాటి మజిలీలో పందెగాండ్రందరు కొంతదూరము పోయి, సైకిళ్ళు దిగి, వాటిని నడిపించుకొనుచు నిరసన తెలిపిరి. పొట్టకూటికై ఎండవానలలో శ్రమించు తమ్ము దొంగలవలె వెదకుట అవమానమని వారి వాదము. జాక్ ఆంక్తీల్ వంటి మహావీరుడు ఈ వాదమునకు నాయకుడు. ఇందు కొంత నిజము లేకపోలేదు. మజిలీల దూరమును తగ్గింపని నిర్వాహకులు, నీటిని కొలిచి పోయుచున్న నిర్వాహకులు, మందుల విషయమున మాత్రము ధర్మశాస్త్రము వల్లించిరి. అయినను ఆ వాదమునకు లొంగిన పక్షమున పాపము మందు వాడనివానికే అన్యాయము. అందరు వాడుచున్నారను మాట అందరిచేతను వాడించును.

అప్పటికి సింప్సను అదృష్టము తిరుగుముఖము పట్టియుండెను. 1966 జనవరిలో మంచుపై జారు క్రీడలో కాలు విరిగి, ప్రపంచ విజేతగా ఆర్జింపవలసిన సొమ్ములో అధికభాగమును పోగొట్టుకొనెను. ఆ యేటి టూర్‌లో గాలిబియే కొండ దిగుచు పడిపోయి గాయపడి, పందెము విడువవలసి వచ్చెను. 1967 మార్చిలో పారిస్-నీస్ పందెమును గెలిచెను. అప్పుడు అదే జట్టున ఎడ్డీ మెర్క్స్ అను బెల్జియము యువకుడు అతని తోడివాడు. సింప్సనుకు ముప్పదవ యేడు సమీపించుచుండెను. క్రొత్త జట్టుతో ఒప్పందము, కార్సికా ద్వీపమున కొనిన స్థలము, బిడ్డల భవిష్యత్తు, ఇవన్నియు ఆ వేసవి టూర్‌లో అతడు చేరుకొను స్థానముపై ఆధారపడియుండెను.

1967 టూర్ జూన్ 29వ తేదీన ఆంజే పట్టణమున మొదలయ్యెను. ఆ యేట వ్యాపార జట్లకు బదులు దేశముల జట్లు పోటీపడినవి. బ్రిటిషు జట్టుకు సింప్సను నాయకుడు. మొదటి దినములలో చక్కగా సాగి, ఆల్ప్సు కొండలలో కడుపు చెడి విరేచనములు పట్టుకొని, తిండి నిలువక నీరసించెను. అయినను జూలై 13 ఉదయమునకు మొత్తము మీద ఏడవ స్థానమున నుండెను. విశ్రాంతి గైకొనుమని సన్నిహితులు చెప్పిరి. అతడు వినలేదు.

ఆనాటి మజిలీ మార్సెయి నుండి కార్పెంత్రాకు 211 కిలోమీటర్లు. నడుమ వెంటూ. వేడిమి 40 డిగ్రీలు దాటెను. టూర్ వైద్యుడు పియేర్ ద్యూమా తెల్లవారుజాముననే ఆ ఎండను చూచి, పందెగాండ్రు మందులు మ్రింగినచో ప్రాణహాని తప్పదని ఆందోళన చెందెను. 1955లో ఇదే కొండపై జాఁ మాలెజాక్ అను ఫ్రెంచివాడు స్పృహ తప్పి పడిపోగా బ్రదికించినవాడు ఈయనయే. దారిలో ఒక పానశాల చెంత సింప్సను బ్రాందీ త్రాగెనని తోడివారు పిదప చెప్పిరి.

కొండ ఎక్కుట ప్రారంభింపగనే స్పెయిను వీరుడు హిమేనెజ్, ఫ్రెంచి వీరుడు పులిదోర్ ముందుకు దూసుకొనిపోయిరి. సింప్సను వారిని వెంబడించు రెండవ గుంపున కొంతదూరము పోయి, మెల్లగా వెనుకబడెను. అడవి ముగిసి తెల్లరాళ్ళు మొదలైన పిదప అతని సైకిలు రోడ్డుకు అటునిటు ఊగసాగెను. తుదకు ప్రక్కనున్న గట్టుపై కూలెను. జట్టు మెకానిక్కు హారీ హాల్ పరుగెత్తుకొని వచ్చి ఇక చాలునని చెప్పెను. సింప్సను ఒప్పుకొనలేదు. పాదములను పెడళ్ళకు బిగించు పట్టీలను సవరింపుమని కోరి, మరల సాగెను. ఆ సమయమున అతడు పలికినట్లు లోకమున ప్రసిద్ధమైన వాక్యము నిజమునకు ఒక పాత్రికేయుని కల్పన. కల్పితమైనను అదియే అతని సమాధిపలుకువలె ప్రచారమయ్యెను. వీరగాథను కోరువారికి వీరవాక్యము కావలసియుండును గదా!

మరి 450 మీటర్లు పోయెనో లేదో, చూచువారి చేతులలో వాలిపోయెను. అప్పటికే స్పృహ లేదు. అతని వ్రేళ్ళు హ్యాండిలుకు బిగిసిపోయియుండుటచే వాటిని ఊడదీయవలసివచ్చెను. ఊపిరి నోటితో ఊదిరి, గుండెను మర్దించిరి, డాక్టరు ద్యూమా ప్రాణవాయువు నందించెను. హెలికాప్టరులో అవిన్యో ఆసుపత్రికి చేర్చిరి. సాయంకాలము 5 గంటల 40 నిమిషములకు మరణమును ప్రకటించిరి. అంగీ వెనుకజేబులో మూడు మందు గొట్టములు దొరకెను. అందు రెండు ఖాళీ, ఒకటి సగము. ఆంఫెటమిన్‌యు, సారాయియు అతని దేహమున నుండినట్లు పరీక్షలో తేలి, ఆగస్టు నెలలో లోకమునకు వెల్లడి అయ్యెను. ఎండ, దప్పిక, అతిసారము, కొండ, వీటన్నిటిని ఓర్చుకొనలేని దేహము ఆగుమని మొరపెట్టుకొనియుండును. ఆ మొర అతనికి వినబడనీయకుండ మందు అడ్డుపడెను.

మరునాటి మజిలీలో తక్కిన పందెగాండ్రు పోటీ మాని, బ్రిటిషు జట్టులో ఒకనిని ముందు పోనిచ్చిరి. బారీ హోబన్ మొదటివాడుగా గమ్యము చేరెను. రెండేండ్లకు అతడు హెలెనును వివాహమాడెను. హార్వర్త్ గ్రామమున జరిగిన అంత్యక్రియలకు యువకుడైన మెర్క్స్ బెల్జియమునుండి వచ్చెను. సైకిలు అభిమానులు చందాలు పోగుచేసి 1968లో కొండపై, అతడు పడిన చోట, శిలాఫలకమును నిలిపిరి. నేటికిని కొండ నెక్కువారు అచ్చట దిగి, టోపీయో, నీటి సీసాయో ఉంచి పోవుదురు. నీరు కొలిచి పోసిన పందెమున చచ్చినవానికి నీటి సీసాలు కానుక!

మరణమునకు తరువాత నియమములు బిగిసినవి. 1968 టూర్‌ను ఆరోగ్యపు టూర్ అని చాటి, నీటి పట్టణమగు విటెల్ నుండి మొదలుపెట్టి, పరీక్షలను నిత్యకృత్యము చేసిరి. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము 1967లోనే వైద్యసంఘమును స్థాపించి, 1968లో గ్రెనోబుల్, మెక్సికో క్రీడలలో పరీక్షలు ప్రారంభించెను. అంతకు ముందు 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో డెన్మార్కు సైకిలు వీరుడు నుడ్ యెన్సెన్ ఎండలో పడి మరణించినప్పుడే ఈ ఆలోచన మొలకెత్తినది. అయితే పరీక్షలు వచ్చిన మాత్రమున మందులు పోలేదు. 1969 ఇటలీ పందెమున సవోనా పట్టణమున మెర్క్స్ నమూనాలోనే ఉత్తేజకము కనబడినదని చెప్పి అతనిని తొలగించిరి. తాను నిర్దోషినని అతడు చెప్పుచునే వచ్చెను. 1998లో ఫెస్టీనా జట్టు కారులో మందుల పెట్టెలు పట్టుబడెను. ఆ అపఖ్యాతి ఫలముగా 1999లో ప్రపంచ డోపింగు నిరోధక సంస్థ ఏర్పడెను. 2012లో అమెరికా వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచిన ఏడు టూర్ బిరుదములను రద్దు చేసిరి. ఆంఫెటమిన్ కాలము పోయి, రక్తమును చిక్కబరచు మందుల కాలము వచ్చెను. మందు మారినది గాని, దేహపు కావలివానిని మోసగించు తెలివి మారలేదు.

ఈ కథ ఫ్రాన్సు కొండలలో ముగిసినదనుకొనరాదు. లోదీ రోడ్డున సి.జి.ఓ. కాంప్లెక్సు కార్యాలయములకు పోయి వచ్చు మన ఉద్యోగులు జవహర్‌లాల్ నెహ్రూ క్రీడాప్రాంగణమును ప్రతిదినము చూచుచుండెడివారే. దాని ఆవరణముననే భారతదేశపు డోపింగు పరీక్షాశాల వెలసి, 2008లో అంతర్జాతీయ గుర్తింపు పొందెను. అంతకు ముందు 2005లో జాతీయ డోపింగు నిరోధక సంస్థ ఏర్పడినది. ప్రమాణములు చాలవని 2019 ఆగస్టులో ఆ పరీక్షాశాల గుర్తింపును నిలిపివేయగా, మరల 2021 డిసెంబరులో గాని అది తిరిగి రాలేదు. 2022లో పార్లమెంటు ఇందునిమిత్తము ప్రత్యేక చట్టము చేసెను. 2023లో భారతదేశమున పరీక్షించిన 5,606 నమూనాలలో 213 నమూనాలయందు నిషిద్ధ పదార్థములు కనబడెనని ప్రపంచ సంస్థ లెక్క. అధికసంఖ్యలో పరీక్షలు జరుపు దేశములలో ఈ నిష్పత్తి అన్నిటికంటె ఎక్కువ. ఇందు పట్టుబడువారిలో చాలమంది ఒక పతకము వచ్చినచో రైల్వేలోనో, పోలీసులోనో, సైన్యములోనో ఉద్యోగము దొరకునని ఆశపడు పల్లెల బిడ్డలు. సింప్సనుకు కార్సికా స్థలము ఎట్టిదో, వీరికి ఆ ఉద్యోగము అట్టిది.

ఇప్పుడు పరీక్షకు పిలువబడిన క్రీడాకారుడు అధికారి యెదుటనే కనీసము 90 మిల్లీలీటర్ల మూత్రము నీయవలెను. దానిని అతని కన్నుల ముందే రెండు సీసాలలో పోసి, ముద్రవేసి, అంకెలు వ్రాయుదురు. మొదటి సీసాను పరీక్షింతురు. రెండవదానిని అతని పక్షమున భద్రపరతురు. మొదటి దానిలో దోషము కనబడినపుడు రెండవ దానిని తెరిపించుటకు అతనికి హక్కు కలదు. సింప్సను విషయమున ఇట్టి రెండవ సీసా లేదు. 1967 జూలై 13వ తేదీన అతని దేహమునే పరీక్షింపవలసి వచ్చెను.